పిట్టలు చూసే క్లబ్‌కి కాలేజీ గుర్తింపు కావాలా, మనంతట మనం పెట్టుకుంటే చాలదా?

జామచెట్టు_చిలక:
తిరుపతిలో డిగ్రీ సెకండియర్, జువాలజీ. మా కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంది, ఎన్‌సీసీ ఉంది, కోడింగ్ క్లబ్ ఉంది (ఫ్లెక్సీ మీద). పక్షులు చూసే క్లబ్ ఒకటి పెడదామని నేను, నా రూమ్మేట్, ఇంకో నలుగురు అనుకున్నాం. మొన్న ఆదివారం పొద్దున హాస్టల్ వెనక నీళ్ల ట్యాంకు దగ్గర అరగంట నిలబడితే 17 రకాలు లెక్క తేలినాయి. బాదం చెట్టు కింది కొమ్మలో దర్జీపిట్ట ఒక పెద్ద ఆకుని గొట్టంలా మడిచి అంచులు కలిపి కుట్టేసింది, కుట్టు బయటికి వచ్చినచోటల్లా పీచు చిన్న ఉండలా ఉబ్బి ఉంది, లోపల మూడు గుడ్లు. రూమ్మేట్ ఫోన్ టార్చ్ వేయబోతే చెయ్యి పట్టుకొని ఆపినాను.

సరే, ఆఫీసుకి పోయి అడిగితే 50 మంది సంతకాలు, ఒక లెక్చరర్ కోఆర్డినేటర్‌గా, ఏడాది ప్లాన్ తెమ్మన్నారు. ఆఖర్న ‘ప్రారంభోత్సవానికి చీఫ్ గెస్ట్ ఎవరమ్మా?’ అని కూడా అడిగినారు. ఆరుగురం పిట్టలు చూసుకోవడానికి ఇంత తతంగమా, వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటే పోలా అంటోంది రూమ్మేట్. మీరేమంటారు?

పాతబ్యాచ్:
మీ రూమ్మేట్ మాటే విను. మాదీ ఒకప్పుడు పుస్తకాలు చదువుకునే గుంపు, ప్రతి గురువారం వేపచెట్టు కింద కూర్చునేవాళ్లం, ఎనిమిది మందిమి, ఎవరి టీ డబ్బులు వాళ్లవి. గుర్తింపు తెచ్చుకుంటే లైబ్రరీలో ఒక రూము ఇస్తారని ఆశపడినాం. రూము రాలేదు, బ్యానర్ వచ్చింది. కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారనగానే మమ్మల్ని కూర్చోబెట్టి జరగని మీటింగులకి మినిట్స్ రాయించినారు, అదీ మూడు పెన్నులు మార్చి మార్చి రాయమన్నారు, ఇంకు ఒకటే అయితే అనుమానం వస్తుందంట! ఆ గురువారంతో వేపచెట్టు కిందికి పోవడం మానేసినాం.

సంగటిముద్ద:
అన్న చెప్పింది నిజమే కాని పుస్తకాలు వేరు, పిట్టలు వేరు. వీళ్లు నీళ్ల ట్యాంకు దగ్గర ఎన్నాళ్లు నిలబడతారు? నెల తిరక్కముందే కొండ మీదికి కన్ను పోతుంది, ఎదురుగ్గా శేషాచలం పెట్టుకొని గోరింకల్ని లెక్కపెట్టుకుంటూ ఎవరు కూర్చుంటారు? అక్కడ 353 చదరపు కిలోమీటర్లు శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, 1989 నుంచి. 2010లో మొత్తం శేషాచలాన్నే బయోస్పియర్ రిజర్వు చేసినారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేషనల్ పార్కులోకి పోవాలంటే అటవీశాఖ పర్మిషన్ ఉండాలి, ఆ లెటర్ కాలేజీ లెటర్‌హెడ్ మీద పోతే ఉండే విలువ మన వాట్సాప్ గ్రూప్ పేరుకి ఉండదు. పైగా ఎర్రచందనం ఏరియా. తెల్లారకముందే నలుగురు కుర్రోళ్లు బ్యాగులేసుకొని కొండ అంచున తిరుగుతుంటే టాస్క్‌ఫోర్స్ వాళ్లు ‘పాపం పిగిలిపిట్ట కోసం వచ్చినారు’ అనుకుంటారా? 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో చిరుత ఆరేళ్ల పాపని చంపింది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

పాతబ్యాచ్:
అడవికి పోతామని ఆ పిల్ల ఎక్కడ చెప్పింది? ట్యాంకు అయినాక అవిలాల చెరువు ఉంది, ఇంకా ఓపికుంటే చలికాలంలో బస్సెక్కి సూళ్లూరుపేట పక్కన నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోయి గూడబాతుల్ని చూసి రావచ్చు, టికెట్ కొంటే లోపలికి పంపిస్తారు. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది, ఉన్నచోటే కనీసం 15 నిమిషాలు నిలబడి చూసినవాటిని పిట్టల లెక్కలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే చాలు. దానికి ఏ ప్రిన్సిపాల్ సంతకం?

గేటు_రిజిస్టర్:
ఇందాకట్నుంచి చదువుతున్నా. వాట్సాప్ చాలు అన్న పాతబ్యాచ్ అన్నా, మీరు ఉన్నది బాయ్స్ హాస్టల్లోనో బయట రూములోనో కదా? మా లేడీస్ హాస్టల్లో గేటు తీసేది ఆరున్నరకి. ఆరింటికి పిట్టలంటే వార్డెన్ మేడమ్ నా మొహం ఎట్ల చూస్తారో నాకు తెలుసు. ఒకసారి ఐదున్నరకి కపిలతీర్థం పోతామని అడిగితే ‘గుడికా, ఇంకెక్కడికైనానా’ అని మా అమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నారు. గుర్తింపున్న క్లబ్బు, ఒక లెక్చరర్ సంతకం ఉన్న లిస్టు, ఈ రెండూ ఉంటేనే ఆ గేటు తెరుచుకుంటుంది. మీకు అది ఉత్త కాగితం, మాకు తాళంచెవి. చిలకా, మీ హాస్టల్లో గేటు ఎన్నింటికి తీస్తారు? ట్యాంకు కాంపౌండ్ లోపలే ఉంది కాబట్టి నీకింకా ఈ బాధ తెలిసినట్టు లేదు.

టోటాపురి:
చిత్తూరు నుంచి. 50 సంతకాలకి టెన్షన్ ఎందుకు, సర్టిఫికెట్ ఇస్తామని ఒక్క మాట అను, 150 వస్తాయి. మా దగ్గర ఎకో క్లబ్ అట్లనే పెట్టినారు. మొక్కలు నాటిన రోజు ఒక్కో మొక్కకి పదిమంది, ఫొటోలో మొక్క కనపడలే. తర్వాత నీళ్లు పోసింది వాచ్‌మన్ తాత.

చాక్‌పీస్:
నేను లెక్చరర్ని, రెండు క్లబ్బులకి కోఆర్డినేటర్ని, కాబట్టి తిట్లు నాకూ తగులుతాయి. ఆ పనికి మాకు ఒక్క పీరియడ్ కూడా తగ్గించరు. సంతకం పెట్టినామంటే రేపు ఎవరికైనా కాలు మడతపడినా వాళ్ల నాన్న ఫోన్ చేసేది మాకే. అందుకే మీలో సీరియస్‌గా ఉన్నదెవరో తేలేదాకా తప్పించుకు తిరుగుతాం, ఒప్పుకుంటాను. పాతబ్యాచ్ చెప్పిన మూడు పెన్నుల కథ చదివి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. అమ్మా చిలకా, సంతకాలు పట్టుకొని పోవద్దు, నెలరోజులు మీరు చూసిన పిట్టల లిస్టు తేదీలతో సహా పట్టుకొనిపో. ఆ కాగితం చూసినాక కాదనే లెక్చరర్లు తక్కువ. ప్రారంభోత్సవం మాత్రం ఒప్పుకోకు, శాలువాకి పెట్టే డబ్బులకి పిట్టల్ని గుర్తుపట్టే ఫీల్డ్ గైడ్ పుస్తకం ఒకటి వస్తుంది.

పాతబ్యాచ్:
గేటు సంగతి నాకు తట్టలేదు, నిజం. లేడీస్ హాస్టల్ వరకు గుర్తింపు కావాలి, ఒప్పుకుంటున్నా. కాని సార్, ఏడాది ప్లాన్ ఎందుకు? ఏ పిట్ట ఎప్పుడొస్తుందో ముందే రాసి ఇవ్వాలా?

చాక్‌పీస్:
వలస పిట్టలైతే రాయొచ్చులే.

జామచెట్టు_చిలక:
అందరికీ థ్యాంక్స్. గేటు_రిజిస్టర్ అక్కా, మాకూ ఆరున్నరే, నేను ఆలోచించనే లేదు. ఈరోజు బాటనీ మేడమ్‌ని అడిగినాను. లిస్టు అంతా చదివి, ‘పసుల పోలిగాడు’ అని రాసిన చోట ఆగి, చిన్నప్పుడు మా ఊర్లో బర్రెల మీద కూర్చునేది ఇదే కదా అన్నారు. సంతకం పెడతానన్నారు, చీఫ్ గెస్ట్ వద్దన్నారు, అడవి ఊసు ఈ సంవత్సరం ఎత్తొద్దన్నారు. సంతకాలు ఇప్పటికి 23, సర్టిఫికెట్ మాట ఎత్తకుండానే. రూమ్మేట్ ఇంకా అలిగే ఉంది, ఆరుగురు ఉంటేనే పిట్టలు ఎగిరిపోతున్నాయి, యాభై మందితో ఏం చూస్తావ్ అంటోంది. దానికి నా దగ్గర జవాబు లేదు. తలా పదిమంది చొప్పున ఐదు గుంపులు చేస్తే? ఇట్ల ఎవరైనా నడిపి ఉంటే చెప్పండి.