పిల్లల రూపురేఖల పట్టిక నింపాలా, వద్దా?

వంశధార, నరసన్నపేట:
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆటిజం పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ బృందాల్లో వారం రోజులుగా ఒక పట్టిక తిరుగుతోంది. మొత్తం 14 గడులు. పిల్లల ఫొటో, తల చుట్టుకొలత, చెవుల సైజు, నెత్తి మీద సుళ్లెన్ని, అరచేతిలో అడ్డగీత ఒకటేనా, కాలి బొటనవేలి పక్కన సందు, మునివేళ్ల మీద నడక, ఒంటి మీద మచ్చలు. ఆ తరవాత తల్లిదండ్రులది మేనరికమా, తండ్రి వయసు, చదువు, కులం, ఊరు, తాగే నీళ్లు. అందరివీ పక్కపక్కన పెడితే కారణం బయటపడుతుందని పంపినవాళ్ల ఆశ. "మా వాడి నుదురూ ఇలాగే", "మా పాపకీ రెండు సుళ్లే" అని జవాబులు మొదలయ్యాయి. నింపాలా, వద్దా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "డాక్టరుకి చూపించండి" అని ఒక్క ముక్కతో వదిలెయ్యకండి.

చంపావతి, విజయనగరం, స్పీచ్ థెరపీ:
ఉన్నదున్నట్టు నింపితే నష్టమే. సుడి సంగతే తీసుకోండి. లెక్క కోసం ఇలా అనుకుందాం: మామూలు పిల్లల్లో నూటికి 5 మందికి, ఆటిజం పిల్లల్లో నూటికి 10 మందికి రెండు సుళ్లు. రెట్టింపు తేడా, చిన్నదేం కాదు. వెయ్యిమంది పిల్లలున్నచోట పదిమందికి ఆటిజం ఉందనుకుంటే, ఆ పదిమందిలో రెండు సుళ్లవాళ్లు ఒక్కరు. మిగతా 990 మందిలో దాదాపు 50 మంది. అంటే రెండు సుళ్లున్న 51 మందిలో ఆటిజం ఉన్నది ఒక్కరికే. తక్కిన 50 మంది మన బృందంలో లేరు. వాళ్లు లేని పట్టికలో సుడి పెద్ద ఆనవాలుగానే కనిపిస్తుంది. రెండు సుళ్లకి రెండు పెళ్లిళ్లన్న మాటలాగే ఇదీ ఊళ్లో పాతుకుపోతుంది.

ఫొటోల సంగతి ఇంకా ఘోరం. ఫోను అడుగు దూరంలో పెట్టి తీస్తే ముక్కూ నుదురూ పెద్దవై చెవులు వెనక్కి పోతాయి. అదే బిడ్డని ఐదడుగుల దూరం నుంచి తీస్తే ముఖం వేరే. 2011లో అమెరికాలోని మిస్సోరీలో 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లల ముఖాలని త్రీడీ కెమెరాలతో కొలిచి, ఆటిజం ఉన్నవాళ్లలో ముఖం పైభాగం కాస్త వెడల్పు, నడిమి భాగం కాస్త పొట్టి అన్నారు. అది గుంపు సగటు. మిల్లీమీటర్లలో ఉండే తేడా మన కంటికి అందదు. పిల్లాడి నుదురు చూసే ముందు తండ్రి చిన్నప్పటి ఫొటో చూడండి. చాలాసార్లు అక్కడే జవాబు ఉంటుంది.

ఉద్దానం, కవిటి:
అమ్మా చంపావతీ, లెక్క సరే. కానీ పక్కపక్కన పెట్టి చూడ్డమే తప్పంటే ఒప్పుకోను. 1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అన్న పిల్లల డాక్టరు, తన గది బయట ఇద్దరు ఆడపిల్లలు తల్లుల ఒళ్లో కూర్చుని ఒకేలాగ చేతులు పిసుక్కోవడం గమనించాడు. 1966లో రాశాడు. 1999లో దానికి జన్యువు దొరికింది. ఈరోజు రెట్ సిండ్రోమ్ అంటున్నది అదే. మొదలెక్కడ? రెండు గుంటల్ని పక్కపక్కన చూడ్డంలో. 1943లో అమెరికాలో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల మీద ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలోనే అయిదుగురికి తల పెద్దదని ఉంది. ఈనాటికీ నూటికి పదిహేను, ఇరవై మంది ఆటిజం పిల్లలకి తల పెద్దదనే తేలుతోంది.

ఇంకో మాట. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లి రావాలంటే ఒక రోజు కూలీ, ఇద్దరి చార్జీలు పోతాయి. ఓపీలో దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో తల్లికి ఏటి గుర్తొస్తుంది? కాగితం మీద రాసుకుని వెళ్తే తప్పేటి?

చంపావతి:
ఉద్దానం గారూ, కానర్ వ్యాసంలోనే ఇంకో పోలిక ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రులంతా బాగా చదువుకున్నవాళ్లని, వాళ్లలో మనసు విప్పి ఆప్యాయత చూపేవాళ్లు తక్కువని. తల మాట నిలబడింది, తల్లిదండ్రుల మాట నిలబడలేదు. తలని టేపుతో కొలవొచ్చు, మిగతా పిల్లల కొలతలతో పోల్చొచ్చు. చదువు మాత్రం ఆ రోజుల్లో కానర్ పనిచేసిన బాల్టిమోర్ ఆసుపత్రి దాకా ఎవరు వెళ్లగలిగారో చెప్పిందంతే. పరీక్ష అందరికీ ఉచితంగా అందే స్వీడన్‌లో చూస్తే చదువుకున్న ఇళ్లలో ఎక్కువన్నది కనపడలేదు. కానీ ఆలోగా "తల్లి ప్రేమ చాలక" అని ఎంతమంది ఆడవాళ్లని నిందించారో! 1964లో అమెరికా మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఆధారాలతో ఎదురు తిరిగాకే ఆ మాట వెనక్కి తగ్గడం మొదలైంది. టీకాలతో ఆటిజం వస్తుందన్న భయం కూడా ఇలాంటిదే: 1998లో 12 మంది పిల్లల కథలు పక్కపక్కన పేర్చిన వ్యాసం. 2010లో అది వేసిన పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. ఈలోగా ఎందరో పిల్లలకి తట్టు టీకా తప్పింది.

పిల్లల వైద్యం, విజయనగరం:
ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. ఒంటి మీది గుర్తులు ఆటిజం ఉందో లేదో చెప్పవు. అది ప్రవర్తన చూసి తేల్చేది. కానీ ఆటిజం అని తేలాక, దాని వెనక ఫలానా జన్యు సమస్య ఉందేమోనని వెతకడానికి కొన్ని గుర్తులు నిజంగా పనికొస్తాయి. 14 గడుల్లో మూడు నాలుగే అలాంటివి.

మొదటిది తల. దర్జీ గుడ్డ టేపు వాడొద్దు, సాగుతుంది. సాగని ఫైబర్ టేపు కావాలి. జడ, క్లిప్పులు తీసెయ్యాలి. ముందువైపు కనుబొమలకి కాస్త పైన, వెనకవైపు తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట, చెవులకి పైనుంచి చుట్టి బిగించాలి. మూడుసార్లు తీసి పెద్దది రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం రెండేళ్ల మగపిల్లాడికి మధ్య కొలత 48 సెం.మీ. పైచిలుకు, ఆడపిల్లకి 47 పైచిలుకు. మగపిల్లాడికి 51, ఆడపిల్లకి 50 దాటితే పెద్ద తల కింద లెక్క. చూశారా, మధ్య కొలతకీ హద్దుకీ తేడా మూడు సెంటీమీటర్లు కూడా లేదు. టేపు ఒక్క సెంటీమీటరు జారితే మామూలు తల పెద్దదైపోతుంది. ఒక్క కొలత కంటే ఆరు నెలలకోసారి తీసిన మూడు కొలతల వరస నాకు ఎక్కువ చెబుతుంది. పెరుగుదల ఆగిపోయి, నేర్చుకున్న చేతిపనులు మరిచిపోయే ఆడపిల్లలో రెట్ గురించి ఆలోచించేది అలాంటి వరస చూసే.

రెండోది మచ్చలు. బూడిద తెలుపు మచ్చలు, ఒక్కోటి 5 మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా, మూడో అంతకంటే ఎక్కువో ఉంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ అన్న జన్యుజబ్బు ఉందేమో చూడాలి. ఇళ్లలో వీటిని శోభి అనో, కడుపులో నులిపురుగులనో అనుకుని ఊరుకుంటారు. శోభి పొట్టు రాలుతుంది, వస్తూ పోతూ ఉంటుంది. ఇవి కదలవు. చర్మవైద్యులు చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ (అతినీలలోహిత దీపం) వేస్తే స్పష్టంగా తెలుస్తాయి. ఈ మచ్చలున్న బిడ్డకి ఫిట్స్ వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కాఫీ రంగు మచ్చలు 5 మిల్లీమీటర్లు దాటినవి ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే అది వేరే జబ్బు, న్యూరోఫైబ్రోమటోసిస్. అదీ చూపించాలి.

మునివేళ్ల నడక గడి ఉంచండి. మోకాలు చాపి పాదాన్ని పైకి వంచినప్పుడు మూలమట్టం దాటి రాకపోతే మడమ వెనక, పిక్క కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు బిగిసిందని అర్థం, ఫిజియోథెరపీ కావాలి. మగపిల్లాడు పిక్కలు లావెక్కి, నేల మీంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి లేస్తుంటే సీపీకే రక్తపరీక్ష చేయించాలి. అది కండరాల జబ్బు కావచ్చు, ఆటిజం ఖాతాలో వేసి వదిలెయ్యకూడదు.

సుళ్లు, అరచేతి గీత, కాలివేళ్ల సందు తీసెయ్యండి. విడిగా ఇవేమీ చెప్పవు. ఇలాంటివి చాలా ఒకేచోట కలిసి ఉంటే లెక్కేసేది జన్యువైద్యులు.

భవిత టీచర్, రాజాం:
నాకు మంటెత్తించేది రెండో సగం. కులం, ఊరు, చదువు గడులు దేనికి? ఏ ఊళ్లో ఎక్కువమంది పిల్లలు కనపడతారో ఆ ఊళ్లో పరీక్ష చేసేవాళ్లున్నారని అర్థం. హైదరాబాద్, చెన్నై పనులకి వలసెళ్లిన ఇళ్లలో బిడ్డని అమ్మమ్మ దగ్గర వదిలిపెడతారు. మాట రాకపోతే "తల్లి లేక" అనుకుంటారు, నాలుగేళ్లొచ్చేదాకా ఎవరూ చూపించరు. ఆ పిల్లలు ఏ పట్టికలోనూ ఉండరు. నీళ్ల గడి కూడా అంతే. ఉద్దానంలో పెద్దవాళ్ల కిడ్నీ జబ్బుకే కారణం ఇదమిత్థంగా తేలలేదు. దాన్ని పిల్లల మాటకి ముడిపెట్టడం ఎందుకు?

మేనరికం గడి తల్లి నెత్తిన పడుతుంది. అక్క కూతుర్ని చేసుకున్నది తమ్ముడు, కుదిర్చింది పెద్దవాళ్లు, మాట పడేది కోడలు. ఈ గడి బృందంలో అందరికీ కనపడితే ఆ ఇంట్లో ఆమెకి నిలువనీడ ఉండదు.

ఇంకోటి, పింఛను కోసం ఈ గుర్తులు రాసి తెచ్చేవాళ్లున్నారు. వైకల్య ధ్రువపత్రానికి చూసేది ఇసా, అంటే ఆటిజం ఎంత ఉందో లెక్కగట్టే మన దేశపు కొలమానం. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపు ఆటిజం లేదు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. అందులో చెవుల సైజు ఎక్కడా లేదు. బిడ్డ పిలిస్తే చూస్తాడా, వేలుపెట్టి చూపిస్తాడా, పది నిమిషాలు ఒకే వస్తువుని తిప్పుతుంటాడా, అవి రాసుకుని రండి. ఫోనులో రెండు నిమిషాల వీడియో తెస్తే మరీ మంచిది.

పిల్లల వైద్యం:
టీచరుగారు చెప్పినదానికి ఒక్క సవరణ. మేనరికం నలుగురిలో అడగొద్దు, కానీ డాక్టరుతో చెప్పడం మానొద్దు. మేనమామ, మేనకోడలు పెళ్లయితే ఒకే పెద్ద నుంచి వచ్చిన జన్యువు రెండువైపుల నుంచీ బిడ్డకి చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి, మేనత్త మేనమామ బిడ్డలైతే పదహారింట ఒకటి. అందువల్ల పెరిగేది ముఖ్యంగా రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బులు. ఫినైల్ కీటోన్యూరియా అలాంటిదే: ఇంట్లో మిగతావాళ్లకంటే వెలిసిన జుట్టు, మూత్రానికి ముక్కిపోయిన వాసన, ఆటిజంలాంటి నడవడి. తొందరగా పట్టుకుంటే ఆహారంతోనే అదుపులో ఉంచొచ్చు. మేనరికం గడి విలువ అక్కడ ఉంది.

అసలు అడగాల్సిన కుటుంబ నేపథ్యం పట్టికలో లేనేలేదు. తల్లివైపు మేనమామల్లో మందబుద్ధి ఎవరికైనా ఉందా? తల్లిని కన్న తండ్రికి యాభై అరవై దాటాక చేతులు వణకడం, నడక తూలడం వచ్చిందా? తల్లికో పిన్నికో నలభై లోపే నెలసరి ఆగిందా? ఈ మూడూ ఫ్రాజైల్ ఎక్స్ అన్న జన్యుజబ్బు ఆనవాళ్లు. పొడుగు ముఖం, పెద్ద చెవులు అని అందరూ చెప్పేది ఈ జబ్బు గురించే. మూడేళ్ల బిడ్డలో అవి తెలియనే తెలియవు, ఈడొచ్చేసరికి బయటపడతాయి. చెవుల కంటే తాతగారి చేతులే ముందు చెబుతాయి.

ఉద్దానం:
డాక్టరుగారూ, అయితే పట్టిక చింపక్కర్లేదు, గడులు మార్చాలి. తల కొలతల వరస, మచ్చలు, నడక, ఫిట్స్, తల్లివైపు మూడు ప్రశ్నలు. ఫొటో, కులం, నీళ్లు వద్దు. బృందంలో పెట్టకుండా ఎవరి కాగితం వాళ్ల దగ్గరే. దానికి ఒప్పుకుంటాను. కానీ పరీక్షల పేరు చెప్పి వేలు గుంజేవాళ్లుంటారు. ఏది ముందు, ఏది తరవాత?

పిల్లల వైద్యం:
అన్నిటికంటే ముందు చెవుల లోపలి సంగతి, అంటే వినికిడి. బెరా పరీక్షకి బిడ్డ నిద్రపోవాలి. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లారకుండా లేపి, దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకురండి. లేకపోతే మందిచ్చినా మెలకువ వచ్చి ఇంకో రోజు తిరగాలి. జిల్లా డైక్ కేంద్రంలో (పిల్లల లోపాలని తొందరగా పట్టుకునే ప్రభుత్వ కేంద్రం) మొదలుపెట్టండి. మాట, ఆట నేర్పే థెరపీ ఏ రక్తపరీక్ష కోసమూ ఆగకూడదు.

జన్యుపరీక్షల్లో మైక్రోఅర్రేకి (క్రోమోజోముల్లో ముక్కలు తగ్గాయా, పెరిగాయా చూసేది) నూటికి పది, పదిహేను మందిలో కారణం దొరుకుతుంది. గుర్తుంచుకోవాల్సింది: ఫ్రాజైల్ ఎక్స్ మైక్రోఅర్రేలో పడదు, మామూలు ఎక్సోమ్‌లోనూ (జన్యువుల అక్షరాలు చదివే పరీక్ష) పడదు. విడిగా రాయించాలి. వేలు పోసి పెద్ద పరీక్ష చేయించి "అన్నీ బాగున్నాయి" అనుకునేవాళ్లు తప్పేది ఇక్కడే. మైక్రోఅర్రేకీ ఫ్రాజైల్ ఎక్స్‌కీ ఊదా మూత గొట్టంలో రక్తం సరిపోతుంది, ఒకే పొడుపులో తీయించండి. ఇంకో బిడ్డని కనాలనుకునేవాళ్లు ఇవి వాయిదా వెయ్యొద్దు. ఒక బిడ్డకి ఆటిజం ఉంటే తరవాతి బిడ్డకి వచ్చే అవకాశం దాదాపు అయిదింట ఒకటి. కారణం తెలిస్తే ఆ అంకె మారుతుంది.

వంశధార:
తల పెద్దదని తేలితే తల్లిదండ్రుల తల కూడా కొలవాలంటారు. వాళ్లది ఎంత ఉంటే పెద్దది?

పిల్లల వైద్యం:
మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 58 సెం.మీ. దాటితే. తండ్రిదో తల్లిదో అలాగే ఉండి, వాళ్లు ఆరోగ్యంగా ఉంటే, బిడ్డది చాలామటుకు ఇంటి పోలికే. కానీ తల పెద్దదైన ఆ తల్లికో తండ్రికో థైరాయిడ్ గడ్డలు, రొమ్ములో గడ్డలు ఉన్నట్టయితే ఆ మాట కూడా కాగితం మీద రాయండి. పీటెన్ అన్న జన్యువు చూడాలి, అప్పుడు పరీక్ష బిడ్డకే కాదు, వాళ్లకీ కావాలి.