నడిమి భాగంలో నీటిమట్టం పెరిగినట్టు మ్యాపు చూపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న
వానలు తక్కువ పడే గట్టి రాతి ప్రాంతం. 10 ఏళ్ల తేడాతో రెండుసార్లు, రెండూ వేసవి చివర్లోనే, బోర్లలో నీటిమట్టం కొలిచిన లెక్కలున్నాయి. మొదటిసారి 60 బోర్లు, రెండోసారి 43. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఏడాదికి ఐడీడబ్ల్యూతో (దగ్గరి బోర్లకు ఎక్కువ విలువిచ్చి మధ్య ఖాళీలు నింపే పద్ధతి) రాస్టర్ (గళ్ల మ్యాపు) చేసి తేడా తీశాను. బోర్లు బాగా తోడేస్తున్న నడిమి భాగంలోనే మట్టం 3 మీటర్లు పెరిగిందని వస్తోంది. దాని బదులు క్రిగింగ్ (ఖాళీలు నింపే ఇంకో గణాంక పద్ధతి) చేస్తే సరిపోతుందా అండీ?

జవాబు 1
క్రిగింగ్‌తో పోయే తప్పు కాదండీ ఇది. ముందు ఆ 17 బోర్లు ఎందుకు తగ్గాయో చూడండి. మొదటిసారి నడిమి బోరులో నీళ్లు 35 మీటర్ల లోతున, చుట్టూ 28 దగ్గర ఉన్నాయనుకోండి. ఇప్పుడు చుట్టూ 32కి దిగాయి, నడిమిది ఎండిపోయింది. ఎండింది కాబట్టి లెక్కలో లేదు. రాస్టర్ ఆ ఖాళీని 32తో నింపేస్తుంది. 35లోంచి 32 పోతే 3 మీటర్ల ‘పెరుగుదల’!

ఎండిన బోరు కూడా కొలతే. ఆ నడిమి బోరు లోతు 60 మీటర్లనుకోండి, అది ఎండిందంటే 35 నుంచి అక్కడ మట్టం కనీసం 25 మీటర్లు పడినట్టు. దాన్ని తీసేయొద్దు, 60 అనీ వేయొద్దు. ‘25 కంటే ఎక్కువ’ అని వేరే గుర్తుతో మ్యాపు మీద పెట్టండి.

మిగతా వాటిలో రెండుసార్లూ కొలిచిన బోర్లనే తీసుకుని, ఒక్కో బోరు దగ్గర తేడా కట్టి, ఆ తేడాలనే ఇంటర్‌పొలేట్ చేయండి (వాటితోనే మధ్య ఖాళీలు నింపండి). అప్పుడు నేల ఎత్తుతో పనే ఉండదు, డెమ్ (నేల ఎత్తుల రాస్టర్)లోని తప్పులూ లోపలికి రావు. ఒక్కటి మాత్రం చూసుకోవాలి: ఒకసారి కేసింగ్ (బోరు పైగొట్టం) అంచు నుంచి, ఇంకోసారి నేల నుంచి కొలిచి ఉంటే అర మీటరు తేడా ఉత్తినే వచ్చేస్తుంది.

జవాబు 2
కొలతల పుస్తకంలో మోటారు ఎప్పుడు ఆపారో రాశారా? ఆపిన గంటకే కొలిస్తే మట్టం ఇంకా తేరుకుంటూనే ఉంటుంది. రాత్రంతా ఆపి, 10 నిమిషాల తేడాతో రెండుసార్లు కొలవాలి. రెండో కొలతలో ఇంకా పైకి వస్తుంటే ఆగాల్సిందే. పక్క బోరు నడుస్తున్నా ఇదే ఇబ్బంది.

సౌండర్‌తో (కొసనున్న ప్రోబ్‌కి నీళ్లు తగిలితే బీప్ కొట్టే కొలత టేపు) ఇంకో చిక్కుంది. పై పగుళ్ల నుంచి కారే నీళ్లు ప్రోబ్‌కి తగిలి ముందే బీప్ కొడుతుంది. ఇంకో 2, 3 మీటర్లు దించి చూడండి. శబ్దం తెగితెగి వస్తే అది కారుతున్న నీరు. అసలు మట్టంలో మునిగాక తెగదు.

జవాబు 3
బావులనీ లోతు బోర్లనీ ఒకే మ్యాపులో కలపకండి. పై పొర ఎండినా కింది పగుళ్లలో నీటి ఒత్తిడి వేరుగా ఉండొచ్చు. డైక్ (రాతిలో గోడలా నిలిచిన వేరే రాయి) అడ్డంగా ఉంటే కాంటూరును (ఒకే మట్టం ఉన్న చోట్లను కలిపే గీత) దాని మీదుగా లాగొద్దు, రెండు పక్కలా మట్టాలు వేరు కావచ్చు. అసలు గట్టి రాతిలో ఇన్ని తక్కువ బోర్లకు కాంటూర్ల కంటే రంగు చుక్కల మ్యాపే నిజాయితీగా ఉంటుందని నా అభిప్రాయం.

నీటి పరిమాణం కట్టాలంటే స్పెసిఫిక్ యీల్డ్‌తో (రాతి పరిమాణంలో ఎంత వంతు నీరు బయటికి కారుతుందో చెప్పే సంఖ్య) గుణించాలి. 100 చదరపు కిలోమీటర్లలో 4 మీటర్లు పడి, యీల్డ్ 0.02 అయితే పోయిన నీరు 80 లక్షల ఘనపు మీటర్లు. 0.02 మర్చిపోతే అది 50 రెట్లు అవుతుంది.

ప్రశ్న అడిగినవారు
17లో 11 ‘ఎండింది’ అనే రాసి ఉన్నాయి. అవి ఎండాయో పూడాయో ఎలా తేలుతుంది?

జవాబు 1
తాడుకి బరువు కట్టి అడుగు తగిలేదాకా దించండి. తవ్విన లోతు 60 ఉండి, బరువు 40 దగ్గరే ఆగితే మధ్యలో పూడినట్టు. అప్పుడు మొదటిసారి 35 మీటర్ల లోతున నీళ్లున్న బోరు దగ్గర రాయగలిగింది ‘5 కంటే ఎక్కువ’ అనే, 25 కాదు.