ఎక్స్‌ప్లొరేషన్ నుంచి వ్యర్థాల వైపు మారిన జియాలజిస్టులు ఉన్నారా?

కోర్‌పెట్టె: ఆరేళ్లుగా ఖనిజాల అన్వేషణలో ఉన్నాను. డ్రిల్లింగ్ రిగ్గు దగ్గర నిలబడటం, కోర్ లాగింగ్ (డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీలను చూసి వివరాలు రాయడం), శాంపిళ్లు ల్యాబుకి పంపడం, ఇదే పని. ఇప్పుడు గని వ్యర్థాల నిర్వహణలో ఉద్యోగం వచ్చింది. నేర్చుకున్నదంతా వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నీటిమట్టం: ఏదీ వృథా పోదు తమ్ముడూ, నేనూ అలా మారినవాడినే. 0.5 శాతం రాగి ఉన్న ఖనిజం టన్ను తవ్వితే అందులో లోహం 5 కిలోలే. మిగతా 995 కిలోలు ఎక్కడ, ఎలా పెట్టాలన్నదీ జియాలజీయే.

నా కళ్లు తెరిపించింది ఒక కోర్ పెట్టె. రాగి లేదు, పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మాత్రం ఉంది అని రాసి పక్కన పెట్టేశాను. షెడ్డు కప్పు కారి రెండు వానాకాలాలు తడిసింది. తర్వాత తీస్తే గట్టి రాయి కాస్తా వేళ్ల మధ్య పొడైపోయింది. పెట్టె అడుగంతా తుప్పు మరక. పైరైట్‌కి గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుందని చదువుకున్నదే, కానీ చేత్తో నలిపి చూసింది అప్పుడే. అలాంటి రాయి కొండంత కుప్ప పోస్తే, దాంట్లోంచి దిగే నీరు లోహాలను కరిగించి వాగులో కలుపుతుంది. అప్పటినుంచి లాగ్‌షీట్‌లో కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) ఎంతుందో కూడా రాస్తున్నాను. ఆమ్లాన్ని విరిచేది అదే కదా.

బంకమట్టి: నాది చెత్త ల్యాండ్‌ఫిల్ పని. అడుగున వేసే మట్టి పొరలో నీరు సెకనుకు మీటరులో వంద కోట్లో వంతు కంటే వేగంగా కదలకూడదన్నది చాలాచోట్ల నిబంధన. పొర మీద అంత శ్రద్ధ పెట్టిన ఒక సైట్‌లో, భూగర్భజలం ఎటు పారుతుందో చూడకుండానే పరిశీలన బావులు వేశారు. ఎగువన ఉండాల్సిన బావి కూడా దిగువకే పడింది. కలుషితమైందా అని పోల్చడానికి మంచినీటి నమూనాయే లేకుండా పోయింది. ఇలాంటి చోటే మనం కావాలి.

టైలింగ్స్: 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో టైలింగ్స్ (ఖనిజం నుంచి లోహం తీశాక మిగిలే బురద) కట్ట తెగి 270 మంది పోయారు. 2020లో టైలింగ్స్ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, చేరేలోపు చదువు. పీజోమీటర్ (కట్టలో నీటి పీడనం కొలిచేది) రీడింగ్ తేడాగా వస్తే పరికరం పాడైందని వదిలెయ్యకు, కట్ట దగ్గరికి వెళ్లి చూడు.

కోర్‌పెట్టె: అందరికీ థాంక్స్. ఇప్పుడే నా పాత లాగ్‌షీట్లు తీశాను. మూడు బోర్లలో "పైరైట్ ఉంది" అని రాసి ఊరుకున్నాను, ఎంతో రాయలేదు. రేపు పొద్దున్నే షెడ్డుకెళ్లి ఆ పెట్టెలు దింపిస్తాను.