ఉద్యోగం చేస్తూ గ్రూప్-2: రివిజన్‌కు టైమ్ ఎట్లా తీయాలి?

అందరికీ నమస్కారం. మాది నల్గొండ. మిర్యాలగూడలో ప్రైవేటు ఉద్యోగం, రోజూ బస్సులో పోయి రావాలి. చదువుకు దొరికేది పొద్దున 4:30 నుంచి 7 వరకు, రాత్రి 8:30 నుంచి 10:30 వరకు. ఆదివారం మొత్తం ఖాళీ.

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. నాలుగోది, తెలంగాణ ఉద్యమం, ఇష్టంగా చదువుతాను కాబట్టి ముల్కీ నిబంధనల నుంచి 2014 దాకా వరుస బాగానే గుర్తుంటుంది. ఇబ్బందంతా మూడో పేపర్ ఎకానమీతోనే.

మొదట రోజుకో పేపర్ చొప్పున చదివాను. మళ్లీ ఎకానమీ వంతు వచ్చేసరికి పాత పాఠం సగం పోయింది. తర్వాత పొద్దున ఎకానమీ, రాత్రి పాలిటీ పెట్టుకున్నాను. ఎకానమీ కాస్త నిలబడింది గానీ జనరల్ స్టడీస్, చరిత్ర పూర్తిగా ఆగిపోయాయి, అదో టెన్షన్. రివిజన్ అంతా ఆదివారానికి వదిలితే వారం పాఠాలు ఒక్కరోజులో తెమలట్లేదు. బస్సులో ఆడియో పాఠాలు కూడా విన్నాను. చరిత్ర ఎక్కుతుంది, బడ్జెట్ అంకెలు, పథకాల వివరాలు మాత్రం ఆ గోలలో అస్సలు ఎక్కవు.

ఉద్యోగం వదిలే పరిస్థితి లేదు. నాలాగే పని చేసుకుంటూ గ్రూప్-2 రాసినవాళ్లు దయచేసి చెప్పండి: రోజుకు నాలుగున్నర గంటలే ఉంటే అందులో కొత్త పాఠానికి ఎంత, రివిజన్‌కు ఎంత కేటాయించారు?