కావలి దగ్గర 16 యాగీ యాంటెన్నాలతో సౌరపవనాన్ని పట్టొచ్చా?

కావలి_యాంటెన్నా: కాలేజీ ప్రాజెక్టుకి 327 మెగాహెర్ట్జ్ యాగీలు 16 ఉన్నాయి. 3సీ48 అనే సుదూర క్వేసార్ రేడియో సిగ్నల్ సౌరపవనంలోంచి వస్తూ మినుకుమంటుంటే, సూర్యుడి నుంచి తుపాను బయల్దేరిందని చెప్పొచ్చా?

ఉదయగిరి_కొండ: కష్టం అన్నా. 12 డీబీ యాగీకి సిగ్నల్ పట్టే విస్తీర్ణం ఒక చదరపు మీటరు చొప్పున అంతా కలిపి 17. సిస్టమ్ నాయిస్ 150 కెల్విన్, బ్యాండ్ 4 మెగాహెర్ట్జ్, ఒక్కో శాంపిల్ 50 మిల్లీసెకన్లు అనుకుంటే నాయిస్సే 50 జాన్‌స్కీలు (రేడియో ప్రకాశానికి కొలమానం) దాటుతుంది. 3సీ48 మొత్తం రేడియో ప్రకాశమే 40 పైచిలుకు, మినుకు అందులో ఒక భాగం. ఊటీ రేడియో టెలిస్కోపు 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఎందుకుందో ఇక్కడే తెలుస్తుంది. యాగీలతో సూర్యుడి రేడియో విస్ఫోటాలు చూడండి, మినుకు లెక్క పెద్ద అర్రేల (యాంటెన్నా సమూహాల) డేటాతో నేర్చుకోండి.

ఒంగోలు_327: ఆ లెక్క ఇలా. సోర్స్ (3సీ48 లాంటిది) మీద 2 నిమిషాలు, పక్కన ఖాళీ ఆకాశం మీద 1 నిమిషం తీసుకోండి. 0.1 హెర్ట్జ్ కిందిది వడకట్టండి, అక్కడ ఐనోస్ఫియర్ (భూమి పైవాతావరణపు విద్యుదావేశ పొర) మినుకు కూర్చుంటుంది. సోర్స్ మీది వేరియన్స్ (హెచ్చుతగ్గుల కొలత) లోంచి ఖాళీ ఆకాశానిది తీసేసి వర్గమూలం కట్టండి. అదే సోర్స్‌కి, సూర్యుడి నుంచి అదే కోణంలో ఉండే సగటుతో భాగిస్తే జీ విలువ. 1 మామూలు. 2 వచ్చిందని వెంటనే హెచ్చరిక పంపకండి! అదే వైపున్న మరో రెండు మూడు సోర్సులూ పెరగాలి.

ఉదయగిరి_కొండ: వేగం కూడా కావాలి. 120 కిలోమీటర్ల దూరంలో రెండు కేంద్రాలుండి, మినుకు నమూనా ఆ గీత వెంబడే 400 కి.మీ./సె. వేగంతో కదిలితే ఆలస్యం 0.3 సెకను. గడియారాలు జీపీఎస్‌తో కలవకపోతే ఇది గాలిలెక్కే. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంవాళ్లు 327 మెగాహెర్ట్జ్‌లోనే ఇలా చేస్తారు. ఊటీలాంటి ఒంటి కేంద్రమైతే మినుకు స్పెక్ట్రమ్ వంపు నుంచి వేగం తీయాలి.

సోర్స్ సూర్యుడి నుంచి 30 డిగ్రీల్లో ఉంటే చూపుగీత సూర్యుడికి 7.5 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి భూమి కక్ష్య దాకా మరో 7.5 కోట్లు. తుపాను మేఘం వేగం 500 కి.మీ./సె. అయితే ఆ దూరానికి 42 గంటలు. కానీ ఆ మేఘం మనవైపే వస్తుందనేమీ లేదు.

పెన్నాతీరం: మన తీరంలో ముందు చూడాల్సింది కనెక్టర్లు. ఉప్పుగాలికి లోపలి పిన్నుకి పచ్చటి చిలుము పడుతుంది, గాలి కదిలితే సిగ్నల్ తెగుతూ అతుకుతూ మినుకులానే కనిపిస్తుంది. ఖాళీ ఆకాశం మీదా అలాగే ఉంటే అనుమానించండి. రిసీవర్ దగ్గర యాంటెన్నా కేబుల్ తీసి, అక్కడ 50 ఓమ్‌ల లోడ్ పెట్టండి. అప్పుడూ ఉంటే లోపం రిసీవర్‌లో, పోతే యాంటెన్నా, కేబుల్ చూడండి. అవి బాగుంటే బయటి నాయిస్సే. రొయ్యల చెరువుల ఏరియేటర్లు నడిచే వేళలతో పోల్చుకుంటే అది వాటిదో కాదో తెలుస్తుంది.