వేచెను ‘రచ్చ’ అంటే తప్పా?

ప్రశ్న
అందరికీ నమస్కారం. మధ్యయుగాల ఉత్తర ఐరోపా మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. రెండు మాటల దగ్గర బండి ఆగిపోయింది: స్కాండినేవియా వాళ్ల ‘థింగ్’, రష్యన్ల ‘వేచె’. రెండూ జనం ఒకచోట చేరి తగవులు తీర్చుకున్న కూటాలే. రాజును ఒప్పుకున్నదీ, వద్దు పొమ్మన్నదీ అక్కడే. ‘సభ’ అని రాస్తే శాలువాలు, పూలదండలు గుర్తొస్తున్నాయి. ‘పంచాయతీ’ అంటే సర్పంచ్ ఎన్నికలు. ‘బహిరంగ సభ’ అంటే ఏకంగా పార్టీ మీటింగే. ఇంకేమైనా తడితే చెప్పండి.

జవాబు
వేచెకు నేనైతే ‘రచ్చ’ అంటాను. నవ్వకండి. సంస్కృతంలో ‘రథ్యా’ అంటే వీధి, అదే ప్రాకృతం మీదుగా మనకు రచ్చ అయింది. వీధి కాస్తా నలుగురూ చేరే చోటయింది, ఆ చోటే తగవు తీర్చే చోటయింది. రచ్చబండ అలా వచ్చిందే. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’లో రచ్చ అంటే గొడవ కాదు కదా, నలుగురి ముందు అని. నలుగురు చేరాక అరుపులు తప్పవు కాబట్టి ఇవాళ ‘రచ్చ రచ్చ చేశాడు’ అంటున్నాం.

వేచెదీ ఇదే బతుకు. 1068లో కీవ్ సేన పోలోవ్‌త్సీలనే గడ్డిమైదానాల సంచార తెగ చేతిలో ఓడి వచ్చింది. జనం సంతలో వేచె పెట్టి, ‘ఆయుధాలూ గుర్రాలూ ఇవ్వు, మళ్లీ పోరాడతాం’ అని కీవ్ ఏలిక ఇజ్యాస్లావ్‌ను అడిగారు. ఇవ్వనన్నాడు. అతని చెరలో ఉన్న పోలోత్స్క్ ఏలిక వ్సేస్లావ్‌ను విడిపించి అతన్నే గద్దె మీద కూర్చోబెట్టారు. మరుసటి ఏడాది ఇజ్యాస్లావ్ పోలండు సాయంతో తిరిగొచ్చి చేసిన పనుల్లో ఒకటి నాకు భలే నచ్చుతుంది: సంతను కొండ మీదికి మార్పించాడు. అంటే రచ్చబండనే ఎత్తి తన కళ్లెదుట పెట్టుకున్నాడన్నమాట! ఇక ఉత్తరాన రష్యన్ల నగరం నోవ్‌గొరోద్‌లో ఒక్కోసారి నదికి ఇటొక వేచె, అటొక వేచె. రెండు పక్షాలూ వోల్ఖోవ్ వంతెన మీద కొట్టుకునేవి. దీన్ని ‘సభ’ అని ఎలా రాస్తారు?

ఇంకో జవాబు
వేచెకు ఒప్పుకుంటాను గానీ అన్నా, థింగ్‌కు రచ్చ అతకదు. థింగ్‌లో తంతు ఎక్కువ. ఐస్‌లాండ్ పాత వీరగాథ ఎగిల్ సాగాలో నార్వేలోని ‘గులథింగ్’ అనే థింగ్ వర్ణన ఉంది: నేల మీద గుండ్రంగా హేజెల్ కర్రలు పాతి, చుట్టూ తాళ్లు కట్టి, లోపల న్యాయం చెప్పేవాళ్లను కూర్చోబెడతారు. ఆ తాళ్లు పవిత్రం. ఐస్‌లాండ్‌లో 930లో మొదలైన ఆల్థింగ్‌లో ధర్మం చెప్పే అధికారి ఒకడు ఉండేవాడు. రాతలు లేని కాలం, అందుకని చట్టమంతా కంఠతా పట్టి ఏడాదికి మూడో వంతు చొప్పున మూడేళ్లలో అప్పజెప్పేవాడు. మన వేదం వల్లె వేసినట్టే. అక్కడ రాజే లేడు, 1262 తర్వాత నార్వే రాజుకు లొంగేదాకా.

పైగా థింగ్‌కు దగ్గరి మాట మన దగ్గర ఇంకొకటి ఉంది. థింగ్ అంటే మొదట కూటం, తర్వాత కూటంలో తేలాల్సిన వ్యాజ్యం, తర్వాత ఏదో ఒక విషయం, చివరికి ఇంగ్లిషులో ఏ వస్తువైనా సరే థింగే. మన ‘సంగతి’ చూడండి. సం + గతి, కలిసి రావడం, కూడిక. ఇవాళ ‘ఏంటి సంగతి?’ అంటున్నాం.

దానికి జవాబు
పోలిక ముద్దుగా ఉంది, కాస్త ఆగండి. సంస్కృతంలో సంగతికి కూడికే కాదు, పొసగడం, అనుకోకుండా జరగడం అనే అర్థాలూ ఉన్నాయి. మన ‘సంగతి’ ఆ దారిన వచ్చి ఉండొచ్చు. చావడి మీదుగానే రావాలని లేదు. థింగ్ దారికి సరైన జోడీ ‘వ్యవహారం’. ధర్మశాస్త్రాల్లో వ్యవహారమంటే కోర్టు తగవు, మన నోట్లో అది ఏ పనైనా సరే అయింది. లాటిన్ ‘కౌసా’ కూడా అంతే: వ్యాజ్యం అనే అర్థం నుంచి ఫ్రెంచిలో వస్తువు దాకా వచ్చింది.

ఇంకొకటి. రష్యన్‌లో వస్తువును ‘వేష్చ్’ అంటారు. వేచెకు దగ్గరగా వినబడుతుంది గానీ చుట్టరికం లేదు, ఆ గోతిలో పడొద్దు. వేచెకు మూలం ‘మాట్లాడు’ అనే ధాతువు. దాని అసలు చుట్టం మనందరికీ తెలుసు: సోవియట్. ‘సో’ అంటే కలిసి, ‘వియత్’ అంటే మాట. అక్షరాలా మన ‘సంవాదం’. చిన్నప్పుడు ‘సోవియట్ భూమి’ పత్రిక అట్టలు పుస్తకాలకు వేసుకున్నవాళ్లెవరికీ ఇది తట్టి ఉండదు. నాకూ తట్టలేదు.

ప్రశ్న వేసినవారు
అద్భుతం. కానీ వ్యాసంలో అసలు ముడి రాజ్యం ఎలా పుట్టిందన్నది. కూటాలు గట్టిగా ఉంటే రాజు బలహీనుడనే రాయాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు
అంత తేలిగ్గా రాయకండి. 9వ శతాబ్దం నడుమ అన్స్‌గార్ అనే మతబోధకుడు క్రైస్తవం బోధిస్తానని స్వీడన్‌లోని బిర్కా పట్నానికి వెళ్తే, రాజు ఓలోఫ్ ‘నా ఒక్కడి చేతిలో లేదు, థింగ్‌లో అడగాలి’ అన్నాడు. ఒక థింగ్ సరిపోలేదు, రాజ్యంలో ఇంకోచోటి థింగ్‌లోనూ అడిగాడు. అది బలహీనతే కాదు, ఒప్పందం దొరికితే రాజుకు బలం కూడా. నార్వేలో రాజులు థింగ్‌ను కూల్చలేదు, మెల్లగా లోపలికి వచ్చారు. 1274లో మాగ్నుస్ రాజు వేర్వేరు థింగ్‌ల చట్టాల స్థానంలో దేశమంతటికీ ఒకే చట్టం తెచ్చాడు, దాన్ని ఒప్పించుకున్నది మళ్లీ థింగ్‌లలోనే. ఇందాకటి హేజెల్ కర్రల తాళ్లు గుర్తున్నాయా? ఆ సాగాలోనే, నార్వే రాణి గున్‌హిల్డ్ ఉసిగొల్పితే ఆమె మనుషులు వాటిని కోసి న్యాయం చెదరగొట్టారు. పైన తమ్ముడు చెప్పిన తంతు ఎంత నాజూకో చూడండి.

స్లావుల్లో (రష్యన్ల జాతి కుటుంబం) ల్యుటీచీలనే తెగలది మరో దారి. కూటంలో అందరూ ఒక్కమాట మీద ఉండాలి. కాదన్నవాణ్ణి కర్రలతో బాదేవారని అప్పటి జర్మన్ బిషప్ థియెట్మార్ రాశాడు. వాళ్లకు రాజు ఏర్పడనే లేదు. అందుకే ‘ప్రజాస్వామ్యం’ అనే మాట మీ వ్యాసంలో తొందరపడి వాడకండి.

ప్రశ్న వేసినవారు
సరే. థింగ్‌ను మొదటిసారి థింగ్ అనే రాసి, తర్వాత ‘కూటం’ అంటాను. నార్వే ‘స్టోర్టింగ్’, డెన్మార్క్ ‘ఫోల్కెటింగ్’ పార్లమెంటు పేర్లుగా ఇంకా బతికే ఉన్నాయి కాబట్టి మూలం మాట కనబడాలి. వేచె మాత్రం రచ్చే. ఒక్క డౌటు: 1478లో మాస్కో ఏలిక ఇవాన్ 3 నోవ్‌గొరోద్‌ను లొంగదీసుకుని, వేచెకు పిలిచే గంటను దింపి మాస్కోకు తీసుకెళ్లాడు కదా. ఆ గంటను ఏమనాలి?

ఇంకో జవాబు
‘రచ్చగంట’ అనండి అన్నా. ఎవరైనా కాదంటే ఇక్కడికే పంపండి.