మేడ మీద చెక్క డెక్: 12 × 10కి కలప ఎంత కొనాలి?

కొర్లగుంట కుర్రోడు:
మేడ మీద మెట్లగది పక్కన 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున డెక్ వేయించాలని ఉంది. సాయంత్రం కొండ చూస్తూ కూర్చోవాలని నాన్న కోరిక. టేకు అనుకుంటున్నాం. ఆచారిని అడిగితే "25 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) తెచ్చేయండి సార్" అన్నాడు. ఎట్లా లెక్కేశావంటే నవ్వి ఊరుకున్నాడు. డిపోకి పోయేలోపు మా దగ్గర కూడా ఒక లెక్క ఉండాలి. కాస్త చెప్పండన్నా.

పీలేరు కలప:
అదేం పెద్ద విద్య కాదు తమ్ముడూ. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో పెట్టుకో. మూడూ గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ.

పైన పలకలు 4 × 1. చిత్రిక పట్టాక వెడల్పు మూడుంముప్పావుకి దిగుతుంది, సందు పావంగుళం వదులుతావు. 10 అడుగులకి 30 వరసలు, వరసకి 12 చొప్పున 360 అడుగులు. సరిగ్గా 10 సీఎఫ్‌టీ. డబ్బు మాత్రం కోత సైజుకే కట్టాలి.

కింద 3 × 2 పట్టెలు అడుగుకొకటి. 13 పట్టెలు, ఒక్కోటి 10 అడుగులు, అంటే ఐదున్నర దాకా. తరుగు పది శాతం కలిపితే మొత్తం 17.

యూట్యూబ్‌లో 16 అంగుళాలకొక పట్టె అంటారు, వినొద్దు. 12 అడుగుల నిడివి పలకకి రేటెక్కువ, నువ్వు ఎలాగూ 6+6 అతుకుతావు. అతుకు 72 అంగుళాల దగ్గర. వాళ్ళ పట్టెలేమో 64 దగ్గరొకటి, 80 దగ్గరొకటి. అతుకు గాల్లో వేలాడుతుంది! అడుగుకొకటి ఉంటే ఒక వరస 6+6, పక్క వరస 8+4 వేసినా పట్టె మీదే కూర్చుంటుంది.

మీ ఆచారిది దుంగ లెక్కేమో కనుక్కో. కోయిస్తే పొట్టు, పెచ్చుల కింద మూడో వంతు పోవడం మామూలే, ఆ 25 కాస్తా 17 దగ్గరికే దిగుతుంది. ఇంకోటి, ఎవడైనా ఎర్రచందనం చవగ్గా ఇస్తానంటే బేరం కూడా ఆడొద్దు. కేసవుతుంది.

తిరుచానూరు రోడ్డు:
శ్లాబుకి బోల్టులు కొట్టనివ్వకండి, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. పట్టెల కింద రబ్బరు ముక్కలు చాలు. పట్టెలు నీళ్ళు పారే వాలు వెంబడే ఉండాలి. అడ్డంగా వేస్తే నవంబరు వానలకి నీళ్ళు కిందే నిలుస్తాయి. పైపు మూతి దగ్గర రెండు పలకలు విప్పి తీసేలా పెట్టించండి. ఆకులు అడ్డం పడేది అక్కడే.

కొర్లగుంట కుర్రోడు:
ఆచారిది దుంగ లెక్కేనంట అన్నా! వాలు కూడా 10 అడుగుల వైపే ఉంది. పట్టెలకి కూడా టేకే కావాలా?

పీలేరు కలప:
అక్కర్లేదు, సాల్ వేసుకో. బరువు మోస్తుంది, ఎవరికీ కనబడదు.